తొమ్మిదో మజిలీ

"మీ నాన్నగారి ఇన్సులిన్ ఏదమ్మా?" అని అడిగాను, ఇంకా చెప్పులైనా విప్పకుండా.

ఆ అమ్మాయి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. గుడ్లు పెట్టే అర కింద నీలం డబ్బా, అందులో మందు సీసా. నిన్న పొద్దున సూది వేసుకుని, సీసా మళ్ళీ దాని చోట పెట్టేసి వెళ్ళాడు పెద్దమనిషి. నిన్న సాయంత్రం సూది తప్పింది. ఇవాళ పొద్దుటిదీ తప్పింది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై అయింది.

"డాక్టరు ఏమన్నారు?"

"ఇంకో పూట కూడా తప్పితే కష్టమన్నారు. ముందు కళ్ళు తిరుగుతాయట, తర్వాత పిలిచినా పలకడట." అంతవరకూ గట్టిగానే చెప్పింది. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు మూయడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. నేనే మూశాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్నాను. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం ఇంకా కొత్తదానిలాగే ఉంది.

తప్పిపోయిన మనిషిని ఊరంతా రూట్ మాస్టారు అంటుంది. ముప్పై ఏళ్ళు సరిహద్దులు దాటే లారీలు నడిపాడు. రిటైరయ్యాక, సొంత కారులో దూరదేశం పోదామనుకునే కుటుంబాలకి దారి రాసిస్తున్నాడు. ఎక్కడ ఆగాలి, ఏది చూడదగ్గది, దేన్ని చూడకపోయినా ఏం నష్టం లేదు, అన్నీ అందులో ఉంటాయి. ఆయన కాగితం చేతిలో ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళిరావచ్చంటారు, స్టీరింగ్ పట్టుకున్నవాడు తప్ప. ఆయనకో పట్టుదల ఉంది. తన కళ్ళతో చూడని మజిలీని ఎవరికీ రాసివ్వడు. కొత్త మజిలీ ఏదైనా పెడితే ముందు ఒక్కడే వెళ్ళి చూసొస్తాడు. నిన్న వెళ్ళింది అందుకే. రాలేదు.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"పొద్దున ఐదింటికి. కారు చప్పుడు విన్నాను."

"ఎప్పటికి వస్తానన్నారు?"

"చెప్పలేదు."

"అడిగావా?"

తల దించుకుంది. ముందురోజు సాయంత్రం ఇద్దరికీ మాటామాటా వచ్చిందట. అరవై ఏడేళ్ళొచ్చాయి, షుగర్ ఉంది, ఇంక ఈ తిరుగుళ్ళు మానెయ్యి అంది. నేను మానను అన్నాడు ఆయన. "నీ ఇష్టమొచ్చినట్టు పో అన్నాను మేడమ్. అదే నేను ఆయనతో అన్న ఆఖరి మాట."

ఏడవబోయింది. ఏడిపించడానికి నాకిప్పుడు టైము లేదు. "ఆఖరి మాటో కాదో సాయంత్రం చూద్దాం. ముందు ఆయన పని చేసుకునే గది చూపించు" అన్నాను.

చూపించక్కర్లేకపోయింది. పక్క గదిలోంచి ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు పాతికేళ్ళుగా తెలుసు.

"నమస్కారం మేడమ్" అన్నాడు మా మరిది, యూనిఫాంలో, మాస్టారి కుర్చీలో దర్జాగా కూర్చుని. మావారి తమ్ముడు, ఈ పేటకి ఇన్‌స్పెక్టరు. పదిమందిలో నన్ను మేడమ్ అంటాడు. ఇంట్లో నా చేతి కాఫీ కోసం వదినా వదినా అని వెంటపడతాడు.

"లే. కుర్చీ మీద ఏముందో చూడకుండా కూర్చుంటావా?"

"ఏముంటుంది వదినా, దిండు." ఆ అమ్మాయి చూస్తోందని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "కేసు తేలిపోయింది మేడమ్. మీరు శ్రమపడక్కర్లేదు. పెద్దాయన అలిగి సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టు లేదు."

"మా ముగ్గురివీ ఒకే కవర్లో ఉంటాయి" అంది కూతురు. "నాదీ, మా పాపదీ, నాన్నదీ. కవర్ మొత్తం లేదు."

"తొందర్లో కవర్ మొత్తం పట్టుకుపోయాడు. ఇదిగో, ఎక్కడికి పోయాడో కూడా రాసిపెట్టాడు." బల్ల మీద కాగితం తిప్పి నా వైపు తోశాడు.

చిత్తు కాగితం. పెన్సిలు రాత. ఊళ్ళ పేర్లు లేవు. మాస్టారు పేర్లు రాయడని, మజిలీలన్నీ ఖాయమయ్యాక శుభ్రంగా రాసే కాగితంలోనే పేర్లు పెడతాడని కూతురు చెప్పింది. పైనుంచి కిందకి సున్నా మొదలు పన్నెండు దాకా అంకెలు, పక్కన గంటలు, వాటి పక్కన ఒక ముక్క. బండి నడిచే గంటలే, బసలు కలపలేదు. సున్నాకి ఎదురుగా "గుమ్మం. నేను కార్లోనే ఉంటా" అని ఉంది. ఏడు, తొమ్మిదిన్నర గంటలు, "కాగితాలు చేతిలో పట్టుకోవాలి." తొమ్మిది, పన్నెండూ ఇరవై, "మెట్లు లెక్కపెట్టాలి. పిల్ల ఎక్కగలదా?" దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు. పది, పదమూడూ నలభై ఐదు, "టిఫిన్." పదకొండు, పదిహేనూ పది, "పిల్ల నిద్రలో ఉంటుంది, లేపొద్దు." పన్నెండుకి ఎదురుగా పదహారు గంటలు అని ఉంది, అంతే.

"చూశారా మేడమ్? సున్నా అంటే ఈ ఇంటి గుమ్మం. ఇక్కణ్ణుంచి పన్నెండు గంటల ఇరవై నిమిషాలు వెళ్తే ఆయన చుట్టిన తొమ్మిదో మజిలీ. అది సరిహద్దుకి చాలా అవతల. నిన్న రాత్రి ఏడింటికే ఫోటో, కారు నంబరు, నా ఫోన్ నంబరు అవతలి దేశానికి పంపేశాను, పదహారో గంట దగ్గర ఆయన ప్రయాణం ముగిసే ఊరికి కూడా. వాళ్ళు వెతకడానికి అనుమతి సాయంత్రానికి వస్తుంది."

"సాయంత్రానికి ఆయన మూడో సూది తప్పుతుంది."

"మందులు అక్కడా దొరుకుతాయి వదినా."

"ఇంట్లో నిండు సీసా వదిలేసి, అక్కడ కొనుక్కోవడానికి పోయాడా? పారిపోయేవాడు పాస్‌పోర్టు తీసుకుని ప్రాణం ఫ్రిజ్‌లో పెట్టి పోతాడా?"

నేను కాలెండరు దగ్గరికి వెళ్ళాను. నిన్నటి తేదీ గడిలో "నాలుగింటికి బండి సర్వీసు" అని రాసి ఉంది. కింద షెడ్డు మేస్త్రీ నంబరు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాను.

"అవునమ్మా, మొన్న సాయంత్రం మాస్టారే వచ్చి చెప్పారు" అన్నాడు మేస్త్రీ. "మధ్యాహ్నం రెండింటికల్లా ఇంట్లో ఉంటా, అన్నం తిని నాలుగింటికి బండి తెస్తా, బ్రేకులు పూర్తిగా చూడు, ఈసారి బండిలో మావాళ్ళు ఎక్కుతారు అన్నారు. మాట తప్పే మనిషి కాదు, నేనే కంగారు పడుతున్నాను."

ఫోన్ పెట్టేసి మా మరిది వైపు తిరిగాను. "ఐదింటికి వెళ్ళి రెండింటికి రావాలనుకున్నాడు. మొత్తం తొమ్మిది గంటలు. పన్నెండు గంటల దూరం ఉన్నచోటికి పోయి తొమ్మిది గంటల్లో తిరిగొస్తాడా మీ పెద్దాయన? ఎగిరా?"

"అది అందరి కళ్ళు కప్పడానికి చెప్పి ఉంటాడు."

"సరే. సరిహద్దు ఎంత దూరం ఇక్కణ్ణుంచి?"

"జీపులో ఆరున్నర గంటలు."

"కాగితాలు చేతిలో పట్టుకోవాలన్నది సరిహద్దు దగ్గరే కదా? నీ లెక్కన అది తొమ్మిదిన్నర గంటల దూరంలో ఉంది."

"ముసలాయన, మెల్లగా తోలతాడు."

"ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు మెల్లగా తోలతాడు, ఠాణా నుంచి టీ కొట్టుకి జీపు తోలే నువ్వు జోరుగా తోలతావు. టిఫిన్ పదమూడు ముప్పావు గంటలకా?"

"సాయంత్రం టిఫిన్."

ఒకప్పుడు బీమా క్లెయిముల్లోనూ ఇలాంటివాళ్ళు వచ్చేవాళ్ళు. ప్రతి ప్రశ్నకీ విడివిడిగా ఒక సమాధానం ఉంటుంది, అన్నీ కలిపితే మాత్రం పొంతన ఉండదు. ఇంక వాడితో మాట్లాడటం దండగనిపించి గది చూడటం మొదలుపెట్టాను.

గోడంతా ఒకే మ్యాపు. దాని పక్క మేకుకి నల్ల దారం వేలాడుతోంది. దారానికి వరసగా ముడులు, ఒక చివర బిగించి కట్టిన ఉచ్చు. ముడికీ ముడికీ మధ్య గంట దూరం. దారాన్ని మ్యాపు మీద రోడ్డు వెంబడి పరిచి గంటలు లెక్కపెడతాడని కూతురు చెప్పింది. మా మరిది నిన్న ఈ ఊరి దగ్గర గుండుసూది గుచ్చి, దారం ఉచ్చు దానికి తగిలించి, పన్నెండు ముడులు లెక్కపెట్టి సరిహద్దు అవతల తేలాడు. వాడి గుండుసూది ఇంకా అక్కడే ఉంది.

ఆ సూది పీకి, కళ్ళజోడు తుడుచుకుని, మ్యాపుకి ముక్కు ఆనించి చూశాను.

"మీ నాన్నగారు ఇప్పటిదాకా ఎన్ని ప్రయాణాలు రాసిచ్చారమ్మా?"

"నలభై దాకా ఉంటాయి."

"అందరూ ఈ ఊరివాళ్ళేనా?"

"అందరూ ఇక్కడివాళ్ళే. ఇక్కణ్ణుంచే బయల్దేరతారు."

"ఇలా రా మరిదీ. నీ సూది గుచ్చిన చోటు చూడు. నీ చిల్లు తప్ప ఇంకో చిల్లుందా?"

వచ్చి చూశాడు. లేదు.

"నలభై ప్రయాణాలూ ఈ ఊళ్ళోనే మొదలయ్యాయి. దారం ఉచ్చు ఇక్కడే తగిలించి ఉంటే ఈపాటికి ఈ ఊరు చిరిగిపోయి వేలు దూరేంత కన్నం పడేది. ఇక్కడ కాగితం నున్నగా ఉంది. ఇప్పుడు ఇటు చూడు." సరిహద్దు అవతల చూపించాను. ఒక్కో ఊరి మీద ఒక్కో చిల్లు. కొన్ని పాతవి, అంచులు నల్లబడినవి. ఒకటి మాత్రం కొత్తది. "దారం తగిలించేది చేరాల్సిన ఊళ్ళో. అక్కణ్ణుంచి వెనక్కి ఇంటికి లెక్కపెట్టుకుంటూ వస్తాడు మాస్టారు. సున్నా అంటే ఈ గుమ్మం కాదు, చేరే గుమ్మం. పన్నెండు అంటే ఈ ఇల్లు. పక్కనున్నవి నడిచిన గంటలు కాదు, మిగిలిన గంటలు."

కూతురు నుదురు కొట్టుకుంది. "నేనెలా మర్చిపోయాను మేడమ్? చిన్నప్పుడు లారీలో ఎంత దూరం వచ్చాం నాన్నా అంటే పలికేవాడే కాదు. ఇంకా ఎన్ని గంటలుంది అని అడిగితేనే చెప్పేవాడు. వచ్చేసినదాంతో మనకేం పని అనేవాడు."

"మొత్తం పదహారు గంటలు. తొమ్మిదో మజిలీకి వచ్చేసరికి ఇంకా పన్నెండూ ఇరవై మిగిలుంది. అంటే ఇక్కణ్ణుంచి ఎంత?"

మా మరిది పెదవులు కదిలాయి. "మూడూ నలభై" అన్నాడు మెల్లగా.

"పోను మూడూ నలభై, రాను మూడూ నలభై, చూడటానికో గంటన్నర. ఐదింటికి వెళ్ళి రెండింటికి ఇంట్లో అన్నం. పిల్లని లేపొద్దన్నది బయల్దేరిన యాభై నిమిషాలకి, తెల్లారకముందు. టిఫిన్ ఏడుంబావుకి. నీ సాయంత్రం టిఫిన్ నువ్వే తిను."

కొత్త చిల్లుకి దారం తగిలించి, రోడ్డు వెంబడి పన్నెండు ముడులూ, ఇంకో మూడో వంతూ వెనక్కి పరిచాను. దారం సరిహద్దుకి ఇవతలే, కొండల్లోకి చీలే చిన్న దారి దగ్గర ఆగింది. ఆ దారి చివర మ్యాపులో చిన్న బురుజు గుర్తు ఉంది. మెట్లు లెక్కపెట్టాలన్నది అక్కడే.

మా మరిదిలో ఒక మంచి గుణం ఉంది. తప్పని తెలిశాక ఇంక వాదించడు. ఆ కొండ కింద ఔట్‌పోస్టుకి అప్పుడే ఫోన్ చేశాడు. పదీ పదిహేను. వాళ్ళు పైకి చేరడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. వెతికే టైము వేరే.

ఆ గంట ఎలా గడిచిందని అడక్కండి. ఆ అమ్మాయి బల్ల మీద పెన్సిళ్ళన్నీ చెక్కింది. చెక్కినవాటినే మళ్ళీ చెక్కింది. నేను కాగితం చూస్తూ కూర్చున్నాను. ఒక ముక్క మాత్రం గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. మాస్టారు దారి రాసిస్తాడు గానీ ఎవరితోనూ వెళ్ళడు. మరి చేరే గుమ్మం దగ్గర "నేను కార్లోనే ఉంటా" ఏమిటి?

"ఈ ప్రయాణం ఎవరికోసం రాస్తున్నారో చెప్పారా?"

"లేదు. అడిగితే, పాత పార్టీ అన్నారు."

"చేరే ఊళ్ళో మీకెవరైనా ఉన్నారా?"

"ఆ ఊరి పేరే నేను వినలేదు మేడమ్."

పదకొండూ ఇరవై ఐదుకి ఫోన్ మోగింది. మా మరిది విన్నాడు. వింటూ వింటూ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"దొరికాడు" అన్నాడు. "బతికే ఉన్నాడు. మెట్టు విరిగి కాలు మడతపడిందట, ఎముక విరిగినట్టుంది. ఫోన్ కింద పడి పగిలింది. నీరసంగా ఉన్నాడు గానీ మాట్లాడుతున్నాడు. మావాడు పైకి వెళ్ళగానే, ఏమయ్యా, తొంభై నాలుగో మెట్టు గుల్లగా ఉంది, పిల్లల్ని ఎక్కనివ్వొద్దని ముందు బోర్డు పెట్టించు అన్నాడట."

ఆ అమ్మాయి కింద కూర్చుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. నా సంగతి చెప్పను గానీ కళ్ళజోడు మాత్రం మళ్ళీ తుడుచుకోవాల్సి వచ్చింది. ఒళ్ళంతా తేలికైపోయింది. పొద్దుట్నుంచీ కాఫీ తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పాపని పక్కింటివాళ్ళకి అప్పగించి, మా మరిది జీపులోనే బయల్దేరాం. జోరుగానే తోలాడు, ఒప్పుకోవాలి. బురుజు దారి చీలే చోట ఉన్న చిన్న ఆసుపత్రికి మూడయ్యేసరికి చేరాం. మాస్టారికి అప్పటికే ఇన్సులిన్ ఇచ్చారు, సెలైన్ ఎక్కుతోంది, కాలికి కట్టు కట్టారు. మూడో పూట రాకముందే దొరికాడు, ఇంక భయం లేదన్నాడు డాక్టరు.

"నీ ఇష్టమొచ్చినట్టు పో అన్నాను నాన్నా" అంది కూతురు, మంచం పట్టె పట్టుకుని.

"పోయాను కదే, నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

ఆయన చేతిసంచీ మంచం పక్కనే ఉంది. నా బుద్ధి నాది. అడిగి మరీ తెరిచాను. పాస్‌పోర్టుల కవర్. మూడింటిలోనూ కొత్తగా వేసిన వీసా ముద్రలు. ముందే కూతురి కంట పడకూడదని వెంటే ఉంచుకున్నాడన్నమాట. అవి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఈ ప్రయాణం పాత పార్టీకి కాదుగా మాస్టారూ?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. "పోయినేడు నేను రాసిచ్చిన కాగితం పట్టుకుని ఒక కుటుంబం అటు వెళ్ళింది. అక్కడ రోడ్డు పక్క హోటల్లో భోజనానికి ఆగారు. హోటల్ నడిపే ఆవిడ బల్ల మీద ఆ కాగితం చూసి, వెనక నుంచి లెక్కపెట్టే ఈ మనిషి ఇంకా బతికే ఉన్నాడా అని అడిగిందట."

కూతురు పాస్‌పోర్టులు మంచం మీద పెట్టేసింది. "అక్కా?"

"అక్కే."

పదకొండేళ్ళ కిందటి సంగతి. పెద్దమ్మాయి అవతలి దేశం కుర్రాణ్ణి చేసుకుంటానంటే, మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దన్నాడు. అది వెళ్ళిపోయింది. ఎక్కడుందో చిన్నమ్మాయికి చెప్పేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

"దారిలో నీకూ పాపకీ చూడదగ్గవన్నీ పెట్టాను" అన్నాడు మాస్టారు. "ఊరికే దాని ఇంటికి పోదాం అంటే నువ్వు సవాలక్ష అడుగుతావు. చూస్తూ చూస్తూ పోతే సులువుగా చేరతామనుకున్నాను. మీరిద్దరూ దిగి లోపలికి వెళ్ళండి. దాని గుమ్మం నేను ఏ మొహం పెట్టుకుని తొక్కేది? నేను కార్లోనే ఉంటా."

మా మరిది అంతసేపూ వరండాలో ఫోన్‌లో ఉన్నాడు. లోపలికొచ్చాక వాడి మొహం చూసి ఏదో జరిగిందనుకున్నాను.

"వదినా, నేను తప్పు దిక్కున వెతికానన్నావుగా" అన్నాడు. ఆ అమ్మాయి ఎదుటే వదినా అన్నాడు, సవరించుకోలేదు. "నేను పంపిన ఫోటోని, ఆ ప్రయాణం ముగిసే ఊళ్ళో పోలీసువాడు అనుమతి కోసం ఆగకుండా రాత్రే ఒక హోటల్లో చూపించాడట. ఆ హోటల్ ఆవిడ ఇవాళ పొద్దున ఐదింటికి కారు తీసి బయల్దేరింది. ఇప్పుడే సరిహద్దు గేటు దాటి, మా నాన్న దొరికాడా అని అడుగుతోంది. దొరికాడని చెప్పాను. ఏ ఆసుపత్రో కూడా చెప్పాను. లైన్లో ఉంది."

స్పీకరు పెట్టి ఫోన్ మాస్టారి దిండు పక్కన ఉంచాడు. బండి ఇంజను చప్పుడు వినిపిస్తోంది, మనిషి మాట లేదు. మాస్టారు రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లు మూశాడు. పదకొండేళ్ళకి సరిపడా మాటలు ఆయన దగ్గర లేవు. ఉన్నదొక్కటే మాట, అదే అడిగాడు.

"ఇంకా ఎన్ని గంటలుందే?"

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"రెండూ యాభై నాన్నా" అంది. "కదలకుండా పడుకో."

నేను వెంట తెచ్చుకున్న మాస్టారి చిత్తు కాగితం నా సంచీలోంచి తీసి చూశాను. ఏడో మజిలీ, సరిహద్దు, తొమ్మిదిన్నర. మేమున్న తొమ్మిదోది పన్నెండూ ఇరవై. మధ్యలో సరిగ్గా రెండూ యాభై. మాస్టారు గోడ గడియారం వైపు తల తిప్పి, తొందరపడొద్దని చెప్పవే అని చిన్నకూతురితో అన్నాడు.